బారెడు ఎక్కువైన కప్పు

మోటారక్కకి కారణం లేకుండా కోపం వస్తుందని గిట్టనివాళ్ళు అంటారు. అది శుద్ధ అబద్ధం. కారణం ఎప్పుడూ ఉంటుంది, దాన్ని మొదట్నుంచి చివరిదాకా వినే ఓపికే ఎవరికీ ఉండదు. క్షిపణులు నిలవచేసే యార్డులో నీళ్ళ మోటారు వెయ్యడం, కట్టెయ్యడం ఆవిడ ఉద్యోగం. పొద్దున్నే పంపుగది తాళం తీసి, స్టార్టరు నొక్కి, ట్యాంకు పొర్లేలోగా కట్టేసి, వాల్వులు తిప్పి, దారిలో కనబడ్డవాళ్ళందర్నీ ఏదో ఒకదానికి నిలదీసి ఇంటికి చేరుతుంది. పైపు కారుతోందని నెల కిందటే చెప్పినా చెవిన పెట్టనివాణ్ణి నిలదియ్యక ముద్దుపెట్టుకోమంటారా?

ఆ ఉద్యోగం అంతకుముందు అత్తగారిది. మోకాళ్ళు మొరాయించి పంపుగది మెట్లెక్కలేని రోజు వచ్చేసరికి, తాళంచెవి కోడలి చేతిలో పెట్టి ఆవిడ మంచానికి చేరింది. చేరిందే గాని చెవి మాత్రం పంపుగది దగ్గరే ఉండిపోయింది. మంచంలో పడుకునే మోటారు చప్పుడు విని, "చప్పుడు మారింది, మారింది, ట్యాంకు నిండిపోయింది, పరిగెత్తవే!" అని కేకేస్తుంది. "నాకూ ఉన్నాయి చెవులు" అని కోడలు గొణుక్కుంటూ పరిగెడుతుంది. వాళ్ళిద్దరూ ప్రేమగా మాట్లాడుకోవడం ఎవరూ వినలేదు, ఒకళ్ళు తినకుండా రెండోవాళ్ళు తినడమూ ఎవరూ చూడలేదు.

మోటారక్క భర్త కటింగు మేస్త్రి. కొత్తలో ఆయన వెల్డరు. అదే యార్డులో క్షిపణుల్ని పెట్టే ఉక్కు గొట్టాలకి అతుకులు వేసేవాడు. తర్వాత రెండు దేశాలవాళ్ళు కూర్చుని, మా దగ్గర ఇన్ని వద్దు, మీ దగ్గర అన్ని వద్దు అని ఒప్పందం రాసుకున్నాక, తను అతికినవాటినే గ్యాస్ కట్టరుతో ముక్కలు కొయ్యడం మొదలుపెట్టాడు. అదే యార్డు, అవే నల్లకళ్ళద్దాలు. "మొదటే చెయ్యకుండా ఉంటే ఇప్పుడీ కొయ్యడం తప్పేది కదండీ?" అని భార్య అడిగితే, "అట్లా అయితే నాకు పనేముండేదే?" అని నవ్వేవాడు. అయినా కోసే పని ఆయనకి నచ్చింది. సాయంత్రం ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ, ఇవాళ ఒకటి తగ్గిందే అని తల్లితో చెప్పేవాడు. తల్లి మంచంలోంచే సంతోషించేది.

ఆ ఒప్పందంతో చిక్కేమిటంటే, అది ఒకళ్ళనొకళ్ళు బొత్తిగా నమ్మనివాళ్ళు రాసుకున్నది. కోసిన ముక్కల్ని ఆరుబయట పడెయ్యాలి, అవతలి దేశం ఆకాశంలో తిప్పుతున్న ఉపగ్రహానికి అవి కనబడాలి. కంచె లోపల చెప్పకుండా కొత్త షెడ్డు వెయ్యకూడదు, ఉన్నదాన్ని కప్పకూడదు. అవతలివాళ్ళు కబురు పెట్టి తనిఖీకి వస్తే, వాళ్ళు వెళ్ళేదాకా యార్డులో చక్రాలున్నదేదీ కదలకూడదు. ఓసారి అత్తగారిని ఆసుపత్రి నుంచి చక్రాల కుర్చీలో తీసుకొస్తే గేటు దగ్గరే ఆపేశారు. తనిఖీ అయ్యేదాకా పెద్దావిడ గేటు బయట ఎండలో కూర్చుంది. "నా ఒళ్ళో ఏమన్నా బాంబు కనబడుతోందట్రా మీకు?" అని ఆవిడ కాపలావాళ్ళని అడిగింది. వాళ్ళు తలొంచుకున్నారు కానీ గేటు తియ్యలేదు.

ఇంత సంత జరుగుతున్నది కంచె లోపల. మోటారక్క ఇల్లూ కంచె లోపలే. మూడు క్వార్టర్లు ఒకే వరసలో గోడకి గోడ ఆనుకుని ఉంటాయి. నడిమిది వీళ్ళది. ఒక గది, ఒక వంటగది. ఆ గదిలో అత్తగారి మంచం వేశాక ఇంకో మంచానికి చోటు లేదు. మూడిళ్ళకీ కలిపి పైన పాత సిమెంటు రేకులు. ఓ ఏడాది గాలివానకి ఆ రేకులు బీటలిచ్చాయి. వాన వస్తే బయటికంటే లోపలే ఎక్కువ కురుస్తోందా అన్నట్టు ఉండేది. బకెట్లు, గిన్నెలు, చివరికి మూత పోయిన కుక్కరు కూడా పరిచి ఆ ఏడాది గట్టెక్కారు. వానలు వెళ్ళేసరికి అత్తగారి ఛాతీలో నెమ్ము చేరింది. డాక్టరు మోటారక్కని పక్కకి పిలిచి, "ఇంకో వానాకాలం ఆ తడిలో ఉంచారంటే ఈవిడ మీకు దక్కదు" అని మొహమాటం లేకుండా చెప్పాడు. ఆ రోజు నుంచి మోటారక్కకి ఇంకో ధ్యాస లేదు. వానలు మొదలయ్యేలోగా కప్పు మార్పించాలి.

మొదట ఏ సంసారైనా చేసే పనే చేసింది. పెద్ద నీలం టార్పాలిన్ తెచ్చి, మూడిళ్ళ మీదా పరిపించి, రాళ్ళు పెట్టించింది. వారం తిరక్కుండా రూల్సాయన ఆయాసపడుతూ వచ్చాడు. ఒప్పందంలోని షరతులన్నీ యార్డులో సరిగ్గా జరిగేట్టు చూసే అధికారి ఆయన. నిద్రలేపి అడిగినా ఏ షరతు ఎక్కడుందో చెప్పగలడు, దాని వల్ల మనుషులకి ఏమవుతుందో మాత్రం ఎప్పుడూ చెప్పలేడు.

"తియ్యండమ్మా, ముందది తియ్యండి! అవతలి దేశంవాళ్ళు పైనుంచి ఫొటో తీశారు. ఏం దాచారని మన పెద్దాఫీసుని నిలదీశారు."

"ఏం దాచాం? మా అత్తగారిని దాచాం."

"నాకు తెలుసమ్మా. వాళ్ళకి తెలియదు కదా."

లోపల్నుంచి అత్తగారు గొంతు పెంచింది. "ఆకాశంలోంచి గుడ్డముక్క కనబడిందా? మరి నా మంచం తడిసి ముద్దయినప్పుడు కనబడలేదేం?"

దానికి రూల్సాయన దగ్గర షరతు లేదు. టార్పాలిన్ మాత్రం ఆ సాయంత్రమే దిగిపోయింది.

మోటారక్క ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. మంజూరు తెచ్చుకునేదాకా వదల్లేదు. మూడిళ్ళ మీదా ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒకే వరసగా ఇనుప రేకుల కప్పు. రేకులు గోడౌనులోకి వచ్చాయి కూడా. సరిగ్గా అక్కడే రూల్సాయన చెయ్యి అడ్డం పెట్టాడు. కొత్త కప్పు వేస్తే అవతలి దేశానికి చెప్పాలిట. వరస పొడుగంతా కొలిస్తే, యార్డులో ఉన్న క్షిపణుల్లో అన్నిటికంటే చిన్నదానికన్నా ఒక బారెడు ఎక్కువ ఉందిట. అంత పొడుగు కప్పంటే దాని కింద క్షిపణి దాచొచ్చుట. పాత కప్పు ఒప్పందానికి ముందుది కాబట్టి దానిమీద ఎవరూ నోరెత్తలేదు, కొత్తదానికి ఆ సదుపాయం లేదుట.

"దాచాలంటే మధ్యలో గోడలున్నాయి కదా! మా అత్తగారి మంచముంది, నా పొయ్యి ఉంది!"

"గోడలు పడగొట్టొచ్చు కదమ్మా."

"ఎవరు పడగొడతారు?"

"ఎవరూ పడగొట్టరు. పడగొట్టగలరా అన్నది ప్రశ్న."

మోటారక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంటికొచ్చి ఆ కోపమంతా గిన్నెల మీద చూపించింది. అవతలి దేశం నుంచి జవాబు వచ్చేసరికి ఎండాకాలం సగమైంది. కప్పు వేసుకోవచ్చు, కానీ మధ్యలో ఆకాశం కనబడేంత ఖాళీ వదలాలి అన్నారు. మధ్య ఇల్లు ఎవరిది? అత్తగారి మంచం ఎక్కడుంది? కొలిచి చూస్తే ఆ ఖాళీ సరిగ్గా పెద్దావిడ తలగడ మీదికొచ్చింది. కటింగు మేస్త్రి పగలబడి నవ్వబోయి, భార్య మొహం చూసి మానుకున్నాడు.

ఆ నెలలోనే తనిఖీకి టేపాయన వచ్చాడు. అవతలి దేశం మనిషి. ఎప్పుడూ చేతిలో కొలిచే టేపుతోనే కనబడతాడు కాబట్టి ఆ పేరు. మన భాష నేర్చుకునే వచ్చాడు కానీ పుస్తకాల్లో నేర్చుకున్నాడు. తనిఖీ అయ్యేదాకా ఆగి, ఆయన తిరిగి వెళ్ళే దారిలో మోటారక్క అడ్డంగా నిలబడింది. రూల్సాయన వెనకాల నుంచి సైగలు చేస్తున్నా చూడనట్టే ఊరుకుంది.

"అయ్యా, ఒక్కసారి మా ఇంట్లోకొచ్చి చూడండి. ఆ కప్పు ఎట్లా ఉందో, దాని కింద ఎవరున్నారో చూసి చెప్పండి."

టేపాయన గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. "క్షమించవలెను అమ్మగారూ. ఈ గృహము క్షిపణి పట్టునంతటిది కాదు. ఇందులో ప్రవేశించుటకు నాకు అధికారము లేదు."

"పట్టదని మీరే అంటున్నారుగా! మరి కప్పుకి అడ్డమెందుకు పడుతున్నారు?"

"పాత కప్పు లెక్కకు రాదు, క్రొత్తది వేసినచో పట్టును. అప్పుడు ప్రవేశించగలను."

చూశారా ఈ వరస? ఇల్లు కారుతున్నంతకాలం లోపలికొచ్చి చూసే హక్కు లేదు, కారడం ఆగాక చూసే హక్కు వస్తుంది. మోటారక్క లోపలికెళ్ళి, మొగుణ్ణి ఒక కొస పట్టుకోమని, అత్తగారు పడుకుని ఉండగానే మంచాన్ని ఎత్తి గుమ్మం దగ్గరికి తెచ్చి పెట్టింది. పరుపు అడుగున నల్లగా పట్టిన బూజు చూపించింది. అత్తగారు టేపాయన్ని ఎగాదిగా చూసి దగ్గింది. అది నటన కాదు. దగ్గు మొదలైతే ఆగేది కాదు.

మోటారక్క ఈసారి గొంతు తగ్గించింది. "నా మాట నమ్మండి. ఈ కప్పు కింద మనుషులు తప్ప ఇంకేమీ ఉండదు. మీకు నేను మాటిస్తున్నాను. కావాలంటే రెండు కొసలా కొంచెం కొంచెం కోసేసి ఆ బారెడూ తగ్గించుకుంటాం. మా ఆయనే కోస్తాడు, ఆయన పనే అది."

టేపాయన టేపు తీసి వరస పొడుగు కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. "బారెడు తగ్గించినచో నాకు ఆక్షేపణ లేదు. ఇట్లే వ్రాసెదను" అన్నాడు. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, పుస్తకం భాష కూడా మరిచిపోయి, "మా యార్డులోనూ ఇట్లాంటి ఇళ్ళున్నాయమ్మా. వాటి కప్పు కూడా ఆగిపోయింది. మీవాళ్ళు వద్దన్నారు" అన్నాడు.

ఆ మాటతో మోటారక్క కోపం రెండు ముక్కలైంది. అంతదాకా తిట్టడానికి అవతలి దేశం ఒక్కటే ఉండేది. ఇప్పుడు సొంత దేశాన్నీ తిట్టాల్సి వచ్చింది. ఎక్కడో ఎవరో ఇంకొకావిడ కూడా గదిలో బకెట్లు పరుచుకుంటోంది, అందుకు కారణం మన రూల్సాయన లాంటివాడే. "ఏమండీ, ఆవిడకి కూడా అత్తగారుంటుందంటారా?" అని భర్తని అడిగింది. "ఉండే ఉంటుంది" అన్నాడాయన. "ఈవిడంత నోరు ఉంటుందో లేదో."

బారెడు కోసుకోమని టేపాయన రాశాడు. వాళ్ళ దేశం ఒప్పుకుంది. ఇంకేం, రేకులు ఎక్కిద్దామని మోటారక్క పనివాళ్ళకి కబురు పెట్టింది. రూల్సాయన మళ్ళీ వచ్చాడు. ఈసారి అడ్డం పడింది మనవాళ్ళేట. మన కప్పు బారెడు తగ్గించాలంటే ముందు వాళ్ళ యార్డులో ఇళ్ళ కప్పు బారెడు తగ్గించాలి. మనం ముందు తగ్గిస్తే లొంగిపోయినట్టుంటుందిట. అటువాళ్ళూ అదే మాట. మీరు ముందు, ఆ తర్వాత మేము.

"అసలు వెయ్యని కప్పుని ఎవరు ముందు తగ్గిస్తారన్న గొడవా సారూ ఇది?"

"సూత్రం ముఖ్యం కదమ్మా."

"సూత్రం కప్పుకుని పడుకోమంటారా మా అత్తయ్యని?"

ఈ సంగతి పెద్ద నగరంలో జరిగే చర్చల్లోకి ఎక్కింది. ఒక పక్క మిగిలిన క్షిపణుల్ని సగానికి తగ్గించడం మాట్లాడుకుంటూ, ఇంకో పక్క ఈ కప్పుల పంచాయితీ. రోజూ టీవీలో వార్తల దగ్గర అత్తాకోడళ్ళు కూర్చునేవాళ్ళు. సూట్లు వేసుకున్నవాళ్ళు చేతులు కలిపి నవ్వేవాళ్ళు. చర్చలు స్నేహపూర్వకంగా సాగాయని చెప్పేవాళ్ళు. "సాగక చేసేదేముంది, వాళ్ళ మీద కారుతోందా?" అని మోటారక్క టీవీ కట్టేసేది. మర్నాడు మళ్ళీ పెట్టేది. దేశాలు తగ్గించుకుంటాయా లేదా అన్నది ఇంతకాలం ఆవిడకి పట్టని గొడవ. ఇప్పుడు ఆ చర్చల్లో ఎవరు ఏ మాటన్నారో, ఎవరు అలిగి లేచిపోయారో ఆవిడకి కంఠతా వచ్చేసింది. దానికి తోడు మబ్బులు మొదలయ్యాయి.

ఓ మధ్యాహ్నం మొదటి జల్లు పడింది. అత్తగారి మీద గొడుగు పట్టుకుని మోటారక్క మంచం పక్కనే నిలబడింది. చెయ్యి నొప్పెట్టి ఏడుపొచ్చింది. "ఏడవకే, నేనింకా పోలేదు" అంది అత్తగారు. ఆ పూట మోటారు కట్టెయ్యడం మర్చిపోయి ట్యాంకు పొర్లిపోయింది. పొర్లుతోందని పెద్దావిడకి తెలిసినా చెప్పలేదు.

మర్నాడు రూల్సాయన వచ్చాడు. వెనకాల రేకుల బండి, పనివాళ్ళు. మోటారక్క నమ్మలేక కళ్ళు నులుముకుంది.

"వేయించేసుకోండమ్మా. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా. బారెడూ తగ్గించక్కర్లేదు, ఖాళీలూ వదలక్కర్లేదు."

"వాళ్ళు ముందు తగ్గించారా?"

"లేదు. ఒప్పందమే పోయింది. వాళ్ళూ బయటికొచ్చేశారు, మనమూ బయటికొచ్చేశాం. ఇంక ఎవరికీ చెప్పేది లేదు, ఎవర్నీ అడిగేది లేదు. టేపాయన కూడా ఇంక రాడు."

అబద్ధమెందుకు, మోటారక్క ఆ రోజు పండగ చేసుకుంది. పనివాళ్ళకి టీ మీద టీ పోసింది. రూల్సాయనకి కూడా పోసింది. సాయంత్రానికి కప్పు ఎక్కింది. మరో రెండు రోజుల్లో పెద్దవాన కురిసింది. రేకుల మీద చప్పుడు చెవులు చిల్లులుపడేట్టు ఉంది గానీ ఒక్క చుక్క లోపలికి దిగలేదు. అత్తగారు పొడి దుప్పటి మెడదాకా లాక్కుని, ఈ చప్పుడులో మోటారు వినబడట్లేదని సణిగింది. సణిగే ఓపిక వచ్చిందంటే బతికి బయటపడ్డట్టేనని మోటారక్క గుండెల మీద చెయ్యేసుకుంది.

భర్త మాత్రం సంతోషంగా లేడు. ఆయన చేతికి కట్టరు తీసేసుకుని మళ్ళీ వెల్డింగు రాడ్డు ఇచ్చారు. యార్డులో రాత్రికి రాత్రి పెద్ద పెద్ద షెడ్లు లేస్తున్నాయి. ముక్కలు పడేసిన చోటు చదును చేస్తున్నారు. చేతులు కడుక్కుంటూ, "ఇవాళ ఒకటి పెరిగిందే" అన్నాడు. తల్లి మొహం గోడవైపు తిప్పుకుంది.

వానలు వెలిశాక రూల్సాయన ఇద్దరు ఇంజనీర్లని వెంటబెట్టుకుని ఇంట్లోకొచ్చాడు. వాళ్ళ చేతుల్లో టేపులున్నాయి. గోడ నుంచి గోడకి, గోడ అవతల పక్కింట్లోనూ కొలిచారు. ఒప్పందం పోయాక ఈ కొలతలేమిటని మోటారక్క అడిగితే రూల్సాయన చెప్పేశాడు. మధ్య గోడలు రెండూ తీసేస్తే ఒక క్షిపణి సరిగ్గా పడుతుంది. అవతలివాళ్ళ ఉపగ్రహం ఏళ్ళ తరబడి ఈ వరసని చూస్తోంది. ఇవి ఇళ్ళేనని, సంసారాలున్నాయని వాళ్ళ టేపాయనే రాసిచ్చాడు. ఇంతకంటే అనుమానం రాని చోటు యార్డులో ఇంకోటి లేదు. మూడు కుటుంబాలకీ కంచె బయట వేరే ఇళ్ళు చూశారు, అవీ పొడిగానే ఉంటాయి.

"మీరెలాగూ మోటారుకి రోజూ వస్తారు కదమ్మా," అన్నాడు రూల్సాయన, "వచ్చినప్పుడు నాలుగు బట్టలు తెచ్చి ఈ తీగ మీద ఆరేసి వెళ్తూ ఉండండి. పైనుంచి చూసేవాళ్ళకి కాపురమున్నట్టు కనబడాలి."

మోటారక్కకి ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది. తను చెయ్యని తప్పుకి సిగ్గుపడటం ఆవిడకి అలవాటు లేదు, అందుకే ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. గుమ్మంలో నిలబడి ఒక మనిషికి మాటిచ్చింది. ఆయన నమ్మాడు. వీళ్ళు ఆ నమ్మకాన్నే కొలిచి, సరిపోయిందంటున్నారు.

సామాను ట్రక్కులోకి ఎక్కించిన రోజు ఎండ బాగా కాసింది. అత్తగారిని చక్రాల కుర్చీలో ముంగిట్లో కూర్చోబెట్టారు. భర్త మంచం విప్పుతున్నాడు. మోటారక్క బట్టలన్నీ తీసేసి, తీగ ముడి విప్పి, చుట్ట చుట్టడం మొదలుపెట్టింది.

"తీగ ఉండనివ్వండమ్మా, చెప్పాను కదా" అన్నాడు రూల్సాయన.

"ఇది నేను కట్టుకున్న తీగ. నా బట్టలు నేనున్న చోట ఆరతాయి. మోటారు వెయ్యడం నా పని, వేస్తాను. అబద్ధం ఆరెయ్యడం నా పని కాదు."

"ఉద్యోగానికే ముప్పు రావొచ్చు."

"రానివ్వండి."

చుట్టిన తీగ ట్రక్కులోకి విసిరేసి, ఆవిడ ఖాళీ ముంగిట్లోకి వచ్చి ఆకాశంలోకి తలెత్తింది. అక్కడ ఏమీ కనబడలేదు. అయినా రెండు చేతులూ పైకెత్తి ఊపుతూ గొంతు చించుకుని అరిచింది. "చూస్తున్నారా? ఇక్కడ మనుషులెవరూ లేరు! కాపురం లేదిక్కడ! చూసుకోండి!"

అత్తగారు కుర్చీలోంచి మెడ సాచి కోడలి వంక చూసింది.

"ఇంకాస్త గట్టిగా అరవ్వే, చాలా దూరం కదా" అంది.